అల్మరా నిండా ఆర్పీజీ పుస్తకాలున్నాయా? ఐదింటిని ఎంచుకుని ఉంచుకోవడం ఇలా

"ఇల్లు మారుతున్నాం. రూల్‌బుక్కులు ముప్ఫై దాకా ఉన్నాయి. ఏవి ఉంచుకోను?"

"అమెరికా నుంచి వచ్చేస్తున్నాను. సూట్‌కేసుకి 23 కిలోలే. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) మూడు పుస్తకాలకే దాదాపు మూడు కిలోలు పోతున్నాయి. ఏం చెయ్యను?"

ఈ రెండు ప్రశ్నల్లో ఏదో ఒకటి ఎవరో ఒకరు అడగని నెల లేదు. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ, మొత్తం పద్ధతి ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను. టేబుల్‌టాప్ ఆర్పీజీలు, అంటే ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు పాత్రలై మాటలతో, పాచికలతో ఆడే ఆటలు, మీకు ఇప్పటికే అలవాటున్నాయని అనుకుని రాస్తున్నాను.

ముందే ఒక మాట. పుస్తకం బాగుందా లేదా అని చూస్తూ కూర్చుంటే ఈ పని ఎప్పటికీ తెమలదు, ఎందుకంటే మీరు కొన్నవన్నీ బాగున్నాయనే కొన్నారు. చూడాల్సింది మీ బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారన్నది. నేను 38 ఆటల నుంచి ఐదుకు వచ్చింది అలాగే.

కావలసినవి

ఒక ఆదివారం మధ్యాహ్నం, కనీసం మూడు గంటలు. పుస్తకాలన్నీ పరవడానికి ఒక చాప. ఒక నోటుబుక్కు. పాత క్యారెక్టర్ షీట్లు (పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు) పెట్టిన ఫైలు, ఎంత నలిగిపోయినా సరే. మీ ఆట గ్రూపు వాట్సాప్ చాట్ ఉన్న ఫోను. రెండు గట్టి అట్టపెట్టెలు, టేపు, మార్కర్.

పాచికలు కూడా తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

1. అన్నీ బయటికి తీసి, ఆటలను లెక్కపెట్టండి

పుస్తకాలను కాదు, ఆటలను. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ 2014లో వచ్చినప్పుడు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, డంజన్ మాస్టర్స్ గైడ్, మాన్‌స్టర్ మాన్యువల్ అని మూడు మూల పుస్తకాలు. మూడూ కలిపితే దగ్గర దగ్గర వెయ్యి పేజీలు. అయినా అది ఒక ఆటే. దాని కోసం కొన్న అడ్వెంచర్ పుస్తకాలు, అంటే ఆడడానికి సిద్ధంగా రాసిన కథలు కూడా దాని ఖాతాలోకే వస్తాయి. ఇలా లెక్కపెడితే ముప్ఫై పుస్తకాలు పన్నెండు, పదమూడు ఆటలుగా తేలతాయి. అక్కడే సగం టెన్షన్ తగ్గుతుంది.

పీడీఎఫ్‌లు వదిలిపెట్టకండి. బండిల్స్‌లో, అంటే మూకుమ్మడిగా కట్టగట్టి అమ్మేవాటిలో, వచ్చినవి వందల్లో ఉండొచ్చు. అన్నీ రాయక్కర్లేదు, ఒక్కసారైనా తెరిచి పది పేజీలు దాటినవి మాత్రం రాసుకోండి.

హెచ్చరిక: ఈ దశలో ఏ పుస్తకమూ తెరవద్దు. తెరిచారా, సాయంత్రం ఆరింటికి చాప మీద బోర్లా పడుకుని నలభయ్యో పేజీ చదువుతూ ఉంటారు.

2. ఆడిన సాక్ష్యం వెతకండి

జ్ఞాపకాన్ని నమ్మకండి. "ఇది చాలాసార్లు ఆడాం" అనిపించిన ఆట వాట్సాప్‌లో వెతికితే ఒకే ఒక్క శనివారం తేలుతుంది. ఆడడానికి కూర్చున్న ప్రతి పూటా ఒక సెషన్, ఆ సెషన్ తేదీలు చాట్‌లో ఉంటాయి. ఎన్నిసార్లు ఆడారో ప్రతి ఆట పక్కన అంకె వేయండి.

చాట్ కన్నా గట్టి సాక్ష్యం క్యారెక్టర్ షీట్. మా ఫైల్లో ఒక షీట్ ఉంది. హిట్ పాయింట్ల (పాత్ర ఇంకా ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకె) గడిలో పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాసి కాగితం పలచబడి, చివరికి చిన్న చిల్లు పడింది. చిల్లు వెనక టేపు అంటించి ఆ టేపు మీద మళ్లీ అంకె రాశాడు మా తమ్ముడు. ఆ ఆట ఉంచాలా వద్దా అని ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఇప్పుడు మూడు దొంతరలు చేయండి: ఆడినవి, ఆడాలని నిజంగా ఉన్నవి, చదువుకోవడానికి ఉంచుకున్నవి. మూడో దొంతర తప్పేమీ కాదు. ఆట పుస్తకాన్ని నవలలా చదివి ఆనందించేవాళ్లు బోలెడంత మంది. కాకపోతే వాటికి ఈ ఐదులో చోటు లేదు. వాటిని మామూలు పుస్తకాల అల్మరాలోకి పంపించి, అక్కడి లెక్క ప్రకారం చూడండి.

3. మీ బల్ల గురించి రాయండి

చాలామంది వదిలేసే దశ ఇదే. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి వీటికి జవాబులు రాయండి. మామూలుగా ఎంతమంది వస్తారు? నెలకి ఎన్నిసార్లు? నిజంగా ఆడే సమయం ఎంత (టీ, భోజనం, "ఒక్క ఫోన్ మాట్లాడి వస్తా" తీసేసి)? వాళ్లలో కొత్తవాళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు ఎవరు? ఎదురెదురుగానా, వీడియో కాల్‌లోనా?

చివరిగా, ఏ భాషలో ఆడతారు?

ఈ చివరి ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది, బల్ల దగ్గర మాట తెలుగులో నడుస్తుంది. కొన్ని ఆటలు ఈ మార్పుని సులువుగా మోస్తాయి, కొన్ని మొయ్యవు. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌నీ, దాని దారిలో వచ్చిన ఆటలనీ తీసుకోండి. రెండు ఆరుముఖాల పాచికలు వేసి, పాత్రకున్న అంకె కలుపుతారు. పది, ఆ పైన వస్తే అయింది. ఏడు నుంచి తొమ్మిది అయితే "అయింది, కానీ..." ఆరు, ఆ లోపు పడితే కథ నడిపేవాళ్ల చేతిలోకి వెళ్తుంది. ఆ "అయింది, కానీ" తెలుగులో మనం రోజూ అనే మాటే. "టికెట్ దొరికింది, కానీ వెయిటింగ్ లిస్టు." నియమం ఒక్క నిమిషంలో ఎక్కేస్తుంది. అదే ఆటలో చాలా మూవ్‌ల (పాత్రలు చేసే పనులకు రాసిన నియమాల) కింద ఇంగ్లిష్ వాక్యాల జాబితా ఉంటుంది, ఆట మధ్యలో దాన్ని చదివి ఎంచుకోవాలి. మా బల్ల దగ్గర కథ ఊపందుకున్నప్పుడల్లా అక్కడ ఆగిపోయేది. చివరికి ఆ జాబితాలను నేనే తెలుగులో రాసి జిరాక్స్ తీయించాను. ఏ ఆట కోసం మీరు అంత శ్రమ పడడానికి సిద్ధమో, అది ఉంచుకోదగ్గది. శ్రమ పడాలని అనిపించకపోతే అదీ ఒక జవాబే.

4. ఐదు గూళ్లు గీయండి

పేజీ మీద ఐదు గడులు గీసి, ఒక్కో గడికి ఒక్కో సందర్భం పేరు పెట్టండి. ఆట పేరు ఇంకా రాయొద్దు. నావి ఇవి:

నెలల తరబడి సాగే కథ. ఒక్క రాత్రిలో ముగిసే భయం. కథ నడిపే మనిషి లేకుండా అందరూ సమానంగా ఆడేది. అనుకోకుండా చుట్టాలు, పిల్లలు వచ్చినప్పుడు పావుగంటలో మొదలుపెట్టగలిగేది. ఎవరూ రాని రోజు నేనొక్కణ్ణే ఆడుకునేది.

మీ గూళ్లు ఇవే కానక్కర్లేదు. భయం అంటే మీవాళ్లకి పడకపోతే ఆ గూడు తీసేయండి. వీడియో కాల్‌లోనే ఆడేవాళ్లయితే దానికో గూడు పెట్టుకోండి. నియమం ఒకటే, ఒక గూడులో ఒక ఆట.

ఇప్పుడు ఆటలను గూళ్లలోకి పంపండి. పొడుగాటి కథ గూడులో డీ అండ్ డీ, పాత్‌ఫైండర్ రెండూ వచ్చి నిలబడతాయి. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ కూడా అక్కడికే వస్తుంది. భయం గూట్లోకి కాల్ ఆఫ్ కతూలూ వస్తుంది. నడిపేవాళ్లు అక్కర్లేని ఆటల్లో ఫియాస్కో, ది క్వైట్ ఇయర్. పావుగంట గూడుకి లేజర్స్ అండ్ ఫీలింగ్స్ లాంటి ఒక్క పేజీ ఆట. దాంట్లో మీరు 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకుంటారు. తెలివితో చేసే పనికి పాచిక ఆ అంకె కన్నా కింద పడాలి, మనసుతో చేసే పనికి పైన పడాలి. ఆట మొత్తం అంతే. పిల్లలుంటే మౌస్‌రిటర్ చూడండి, అందులో అందరూ కత్తి పట్టిన ఎలుకలు. ఒంటరి గూడుకి ఐరన్‌స్వోర్న్.

ది క్వైట్ ఇయర్ గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే తెలుగు ఇళ్లలో ఇది ఇంత బాగా పండుతుందని నేను అనుకోలేదు. దానికి కావలసింది ఒక పేక, ఒక పెద్ద కాగితం, కొన్ని పాచికలు, పూసలో గింజలో కొన్ని. ఇద్దరి నుంచి నలుగురు ఆడొచ్చు. అంతా కూలిపోయాక మిగిలిన ఒక చిన్న ఊరు, దాని ఒక ఏడాది. ఒక్కో ముక్క ఒక్కో వారం, ఇస్పేటు, ఆఠీను లాంటి ఒక్కో రంగు ఒక్కో రుతువు. ఇస్పేటు రాజు వచ్చిన క్షణంలో ఆట అయిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పెద్దమ్మని కూర్చోబెట్టాం. ఆవిడకి రమ్మీ తప్ప ఏ ఆటా తెలియదు. రెండో ముక్కకే పెన్సిల్ తీసుకుని కాగితం మీద చెరువు గట్టు గీసింది. "గట్టుకి ఇక్కడ గండి పడింది, ముందు దీన్ని పూడ్చాలి, ఇళ్లు తర్వాత" అంది. ఆ తర్వాత గంటసేపు మేమంతా ఆ గండి చుట్టూనే తిరిగాం. ఇస్పేటు రాజు పడేసరికి గట్టు ఇంకా సగమే అయింది. "ఇంకో రెండు వారాలుంటే అయిపోయేదిరా" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. నా ఐదింటిలో ఎవరూ కదపలేనిది ఆ పలచటి పుస్తకమే.

5. ఒకే గూటికి రెండు వస్తే: పుస్తకం మూసి చెప్పండి

పోటీలో ఉన్న ఆటని, పుస్తకం మూసేసి, ఆటలు ఆడని ఒక మనిషికి ఐదు నిమిషాల్లో చెప్పండి. మూడే విషయాలు: మనం ఎవరం, ఏం చేస్తాం, పాచిక ఎప్పుడు ఎలా వేస్తాం.

నేను కాల్ ఆఫ్ కతూలూని వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న వదినకి చెప్పాను. "మనం మామూలు మనుషులం వదినా. టీచరు, విలేకరి, డాక్టరు. చూడకూడనిది చూస్తాం. ఒక పని నీకు నూటికి నలభై అయిదు వచ్చనుకో, నూరు ముఖాల లెక్కలో పాచిక వేసి నలభై అయిదో ఆ లోపో పడితే అయినట్టు." ఆవిడ తుంచడం ఆపి, "మరి చూసినదానికి మతి పోతే?" అంది. మతి తప్పడానికి కూడా ఆ ఆటలో ఒక లెక్క ఉంది, 1981 నుంచీ దాని పేరు నిలబెట్టింది అదే. ఆ శనివారం వదిన ఆడడానికి వచ్చింది. పరీక్ష నెగ్గినట్టు.

ట్రావెలర్ ఈ పరీక్షలో నా దగ్గర ఆగిపోయింది. 1977 నాటి అంతరిక్ష ఆట, నాకు ఎంతో ఇష్టం. దాని తొలి రూపంలో పాత్రని తయారుచేస్తుండగానే, ఆట మొదలవకముందే, ఆ పాత్ర చచ్చిపోవచ్చు. నేను గంటల తరబడి పాత్రలు తయారుచేసుకున్నాను. కానీ "ఏం చేస్తాం?" అన్న ప్రశ్నకి మా వాళ్లకి నచ్చే జవాబు ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడికి ఇచ్చేశాను. బాధేసింది. వాళ్ల హాస్టల్లో అది ప్రతి ఆదివారం నడుస్తోంది.

రెండు ఆటలూ ఐదు నిమిషాల పరీక్ష నెగ్గితే, పుస్తకం ఇచ్చేస్తే నిజంగా ఏం పోతుందో చూడండి. పాత్‌ఫైండర్ నియమాలు ఆన్‌లైన్‌లో ప్రచురణకర్తల అనుమతితోనే ఉచితంగా ఉన్నాయి. పుస్తకం పోయినా ఆట పోదు. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు, దాన్ని ఇక వెనక్కి తీసుకోలేరు. ఐరన్‌స్వోర్న్ పీడీఎఫ్ ఉచితమే. కాల్ ఆఫ్ కతూలూకి ఉచిత క్విక్‌స్టార్ట్ (ఆట మొదలుపెట్టడానికి సరిపడే చిన్న నియమాల పుస్తకం) ఉంది, అందులోనే ఒక పూర్తి కథ కూడా ఉంది. ఇలా ఉచితంగా దొరికే ఆట పుస్తకం ఇచ్చేయడం సులువు. మళ్లీ అచ్చు కాని పుస్తకం విషయంలో మాత్రం తొందరపడకండి.

6. ఒక్కోటీ ఒక్కసారి ఆడి చూడండి

ఐదు పేర్లు రాసుకున్నాక రెండు మూడు నెలల్లో ఒక్కోదాన్నీ ఆడండి. ఆట అయ్యాక మీ అభిప్రాయం చెప్పకండి, ఆడినవాళ్లని ఒక్కటే అడగండి: "మళ్లీ ఎప్పుడు?" నోటితో "బాగుంది" అనడం వేరు, ఫోన్ తీసి తేదీ చూడడం వేరు.

హెచ్చరిక: పొడుగాటి కథల ఆటని ఒక్క సెషన్‌తో తూచకండి. డీ అండ్ డీలో మొదటి లెవెల్ పాత్రకి చేతిలో ఉండేవి తక్కువ, ఒక్క దెబ్బకి పడిపోతుంది. కనీసం మూడు సెషన్లు ఇవ్వండి. ఫియాస్కో లాంటి ఒక్క రాత్రి ఆటకి ఒక్క రాత్రి చాలు.

ముగ్గురు నలుగురిని కూడగట్టడం కుదరకపోతే ఒక్క స్నేహితుడితో గంటసేపు ఆడండి, వీడియో కాల్‌లో అయినా సరే. నియమాలు చేతికి అలవాటయ్యాయో లేదో తెలిసిపోతుంది.

7. మిగతావి డబ్బాలో పెట్టి టేపు వేయండి, ఇచ్చేయకండి

వెంటనే ఇచ్చేసి తర్వాత కుమిలిపోయినవాళ్లని చూశాను. అట్టపెట్టెలో సర్ది, పైన తారీఖు రాసి, ఆరు నెలలు పక్కన పెట్టండి. ఎప్పుడైనా ఒక పుస్తకం కోసం టేపు చింపితే, ఏ ఆట కోసమో మూత మీదే రాయండి.

పెట్టె నేల మీదా, గోడకి ఆనించీ పెట్టొద్దు. వానాకాలంలో చెమ్మ, ఆపైన చెదలు, మంచి కాగితాన్ని నెల రోజుల్లో పాడుచేస్తాయి. నాలుగు సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి. వేపాకు వేస్తే గలగలలాడేలా ఎండినదే వేయండి, పచ్చిది వేస్తే బూజు పడుతుంది.

8. ఆరు నెలల తర్వాత పంపించడం

ఆటని పూర్తిగా ఇవ్వండి: పుస్తకం, ఖాళీ షీట్ల జిరాక్సులు, దానికి ప్రత్యేకమైన పాచికలుంటే అవి. కాలేజీ కుర్రాళ్లకి ఇస్తే ఎక్కువ ఆడతారన్నది నా అనుభవం. అమ్మాలనుకుంటే ముందు అది ఇంకా అచ్చులో ఉందో లేదో చూసుకోండి. పీడీఎఫ్‌లు మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. అవి మీ అకౌంట్‌లోనే ఉంటాయి, బరువూ లేదు. ఈ ఆటలు రాసేవాళ్లలో చాలామంది ఒక్కరూ ఇద్దరుగా పనిచేసుకునేవాళ్లు, వాళ్ల కష్టం మనం ఊరికే పంచకూడదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

డబ్బు చూసి ఉంచుకోవడం. "నాలుగు వేలు పెట్టాను" అన్నది ఉంచడానికి కారణం కాదు. ఆ నాలుగు వేలు ఎప్పుడో ఖర్చయిపోయాయి, అల్మరాలో ఉంచితే తిరిగి రావు.

పేరు చూసి ఉంచుకోవడం. 1974 నుంచీ ఉన్న ఆట కదా అని డీ అండ్ డీని అడక్కుండానే మొదటి గూట్లో కూర్చోబెట్టేస్తారు. అదీ పరీక్ష రాయాల్సిందే. అలాగే 2014 పుస్తకాలు, వాటినే సవరించి వేసిన 2024 పుస్తకాలు రెండూ దాచుకోనక్కర్లేదు. మీ గ్రూపులో ఎక్కువమంది దగ్గర ఏవి ఉంటే అవి ఉంచండి.

ఒక్క ఆటనే అన్నిటికీ వాడొచ్చనుకోవడం. పాత్రకి హిట్ పాయింట్లు పెరిగేకొద్దీ భయం తగ్గుతుంది. అలాంటి ఆటతో భయం కథ నడపడం చాలా కష్టం. మీవాళ్లకి కొత్త నియమాలు నేర్చుకునే ఓపిక అస్సలు లేదంటే మాత్రం ఆ ఒక్కటే ఉంచుకుని, దాన్నే హాయిగా ఆడండి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఆడేవాళ్లని అడగకపోవడం. నేను తీసేద్దామనుకున్న ఫియాస్కోని మా తమ్ముడు ఆపాడు. "తెల్ల పాచికలు, నల్ల పాచికలు అందరం బల్ల మధ్యలో గుట్ట పోసుకుని ఆడతామే, అదా? అదెందుకు తీస్తావన్నా?" అన్నాడు. పేరు కూడా గుర్తులేదు వాడికి, గుట్ట గుర్తుంది. ది క్వైట్ ఇయర్‌తో కలిపి నడిపేవాళ్లు లేని ఆటలు నా దగ్గర రెండయ్యాయి. ఒక గూడులో ఒకటే అన్న నియమం తప్పకూడదని, ఒంటరి గూడు తీసేసి నలుగురి కన్నా ఎక్కువమంది వచ్చే రోజుకంటూ ఫియాస్కోకి ఒక గూడు పెట్టాను. ఐరన్‌స్వోర్న్ పీడీఎఫ్ ఎలాగూ ఉచితమే కదా.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

అల్మరా వైపు చూడకుండా ఐదు పేర్లూ చెప్పండి. ప్రతి పేరుతో పాటు దాన్ని ఎవరితో ఆడతారో ఆ మనుషుల పేర్లూ రావాలి. ఏ పేరు దగ్గరైనా మనుషులు గుర్తుకు రాకపోతే ఆ గూడు తప్పు.

ఐదూ, పాచికల సంచీ, ఒక పేక, పెన్సిళ్లు కలిపి భుజాన వేసుకునే ఒక్క బ్యాగులో పట్టాలి. పాచికల సంచీలో రకరకాల ముఖాలున్న ఏడు పాచికల సెట్ ఒకటి, ఆరుముఖాలవి రెండు రంగుల్లో పదేసి ఉంటే నా ఐదింటికీ సరిపోయాయి. పట్టకపోతే మూల పుస్తకం ఉంచి, అడ్వెంచర్ పుస్తకాలు డబ్బాలోకి పంపండి.

ఆరు నెలల్లో ఏ గూడైనా ఒక్కసారి కూడా ఆడకుండా ఉండిపోయిందా? మూత మీద రాసుకున్నది చూడండి. అక్కడ పేరున్న ఆటని ఆ గూట్లోకి తెచ్చి, గూట్లో ఉన్నదాన్ని డబ్బాలో పెట్టి, పాత తారీఖు కొట్టేసి కొత్త తారీఖు రాయండి.